వరండా మూసేద్దామనుకున్నాను!

"సముద్రం పక్కనే ఇల్లా! ఎంత అదృష్టం!" అంటారు మా ఇంటికొచ్చిన వాళ్ళంతా. నిజమే. కానీ తలుపు బందులు తుప్పుపట్టి ఊడి చేతికొచ్చే సంగతి వాళ్ళకేం తెలుసు?

భీమిలిలో మావారి తాతగారు 1956లో కట్టించిన ఇల్లు మాది. గానుగ సున్నం గోడలు, టేకు తలుపులు, బెంగుళూరు పెంకులు, తూర్పున పొడవాటి వరండా. బాత్‌రూమ్ మాత్రం పెరట్లో. కిందటేడు వానల్లో ఓ రాత్రి అటు వెళ్తూ అత్తయ్యగారు జారిపడ్డారు. మణికట్టు విరిగింది.

"ఈ ఇల్లు అమ్మేసి విశాఖలో ఫ్లాట్ కొనేద్దాం" అన్నారు మావారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. అన్నం మాత్రం సగంలో వదిలేసి లేచిపోయారు. ఆ కంచం చూశాక నాకు మనసొప్పలేదు. అమ్మొద్దు, బాగు చేయిద్దామన్నాను.

ముందు ఆవిడ గది పక్కనే బాత్‌రూమ్ కట్టించాం. గడప లేదు, జారని టైల్స్, గోడకి పట్టుకునే కడ్డీ.

ఇక అసలు విచిత్రం వినండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి సగం పెంకులు ఎగిరిపోయినా పాత గోడలు చెక్కుచెదరలేదు. తర్వాతెప్పుడో కలిపిన వంటగది స్లాబే పెచ్చులూడుతోంది! ఉప్పూ తేమా కాంక్రీటులోకి దిగి లోపలి ఊచలకి తుప్పు పట్టిస్తాయట. తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. పైపైన సిమెంటు పూస్తే రోగం లోపలే ఉంటుంది. అందుకే పెచ్చులు కొట్టించి, తుప్పు గీకించి, సన్నబడ్డ ఊచలు మార్పించాం. సున్నం గోడలకి మళ్ళీ సున్నమే పూయించాం. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేదు. బందులూ గడియలూ ఇత్తడివి వేయించాం. ఇసుక ఏటిదే తెప్పించాం. ఎదురుగా ఉందికదా అని సముద్రపుటిసుక వాడితే ఉప్పుని మనమే ఇంట్లోకి పిలిచినట్టు!

నా ఆశంతా వరండా మీదే. అద్దాలు బిగించి ఏసీ పెట్టిస్తే అబ్బాయికి చదువుకునే గది అవుతుందనుకున్నాను. అత్తయ్యగారు ఒక్కమాటే అన్నారు. "ఒక్కరోజు అటు తలుపులూ కిటికీలూ మూసి చూడమ్మా."

మూశాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇల్లంతా ఆవిరి పట్టినట్టయింది. సముద్రపు గాలి ఇంట్లోకొచ్చేది ఆ దారినే మరి! ఇన్నేళ్ళున్నా నేను గమనించనేలేదు.

అబ్బాయి గదో? సామాన్ల కొట్టు ఖాళీ చేశాం. విరిగిన కుర్చీలూ, పనికిరాని డబ్బాలూ ఇన్నాళ్ళూ ఒక గదినే మింగేశాయి. కిటికీ పెట్టించి, బల్ల వేస్తే వాడికి సరిపోయింది.

ఇప్పుడు రాత్రిళ్ళు అత్తయ్యగారు ఎవర్నీ లేపకుండా వెళ్ళొస్తున్నారు. సాయంత్రం వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

మీరూ పాత ఇల్లు బాగు చేయించుకుంటున్నారా? మేస్త్రీని పిలిచేముందు ఆ ఇంట్లో ఎక్కువేళ్ళు బతికిన మనిషిని ఓ మాట అడగండి. ఆ ఇంటి గుట్టు ఆవిడకే తెలుసు.