సంతకం పెట్టని రోగం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల పల్లెల్లో ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది?’ అని కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష గురించి అడిగే ప్రశ్న ల్యాబు గడప దాటి ఇంటి మాటల్లో కలిసిపోయింది. సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరిలో కిడ్నీ జబ్బు లక్షణాలు కనిపించాయి. వారిలో చాలామందికి షుగరు లేదు. మరి కారణం? బోరు నీళ్లలోని సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకపోవడం, ఒళ్లునొప్పులకు మింగే బిళ్లలు, వంశపారంపర్యం అని కూడా అన్నారు. అనుమానాలకు కొదవ లేదు. రుజువైంది మాత్రం ఏదీ లేదు.

ఎందుకింత కష్టం? కొన్ని పదార్థాలు ఒంటిమీద సంతకం పెట్టి పోతాయి. ఫ్లోరైడు అలాంటిదే. పసితనం నుంచి అది ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లకు మచ్చలు పడతాయి, పోనుపోను ఎముకలు బిగుసుకుపోతాయి. నెల్లూరు జిల్లా రోగుల్లో ఆ ఆనవాళ్లు పట్టుకుని, 1937లోనే మద్రాసు వైద్యులు దోషం తాగునీటిదని తేల్చగలిగారు. కిడ్నీ అలా చెప్పదు. ఏ కారణంతో దెబ్బతిన్నా చివరికి చాలావరకు ఒకే తీరున కుంచించుకుపోతుంది. పైగా సగానికి పైగా పాడయ్యేదాకా బయటపడదు. ఇవాళ బోరులోంచి సీసాలో పట్టిన నీళ్లు, ఇరవై ఏళ్ల కిందట ఆ మనిషి ఏం తాగాడో చెప్పలేవు.

ఇక మిగిలింది పోల్చి చూడటమే. కాకి వాలగానే తాటిపండు రాలితే ‘కాకతాళీయం’ అని మనం నవ్వి ఊరుకుంటాం. పరిశోధకుడు ఊరుకోడు. కాకి వాలినా రాలని పళ్లెన్ని, వాలకుండానే రాలినవెన్ని అని లెక్క కడతాడు. రోగి పక్కన అదే వయసు, అదే పని చేసే ఆరోగ్యవంతుణ్ని నిలబెట్టి ఇద్దరి జీవితాల్లో తేడా వెతుకుతాడు.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఊరంతా ఒకే బోరు నీళ్లు తాగుతుంటే, ఆ ఊళ్లో రోగినీ ఆరోగ్యవంతుణ్నీ ఎంత పోల్చినా నీళ్ల తేడా కనిపించదు. తప్పు నీళ్లదే అయినా లెక్కలో అవి నిర్దోషులుగా బయటపడతాయి. వేరే నీళ్లు తాగే ఊరితో పోల్చాలి. అయితే ఆ ఊరికీ ఈ ఊరికీ నీళ్లొక్కటే కాదు, పంటలు, కూలి పనులు, తిండి కూడా వేరు కావచ్చు.

ఈ చిక్కుముడి ఒకచోట విడింది, అదీ యాభై ఏళ్లకు. డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, బల్గేరియా, రుమేనియా వంటి బాల్కన్ దేశాల పల్లెల్లో ఒక వింత కిడ్నీ జబ్బును వైద్యులు 1950లలో గుర్తించారు. ఒక ఊళ్లో ఉంటుంది, పక్క ఊళ్లో ఉండదు. బూజు విషమన్నారు, బొగ్గు పొరల్లోంచి ఊరే నీళ్లన్నారు. గోధుమ చేలలో కలుపుగా మొలిచే అరిస్టోలోకియా మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని 1969లోనే ఒక పరిశోధకుడు అన్నా పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన స్త్రీల కిడ్నీలు వరుసగా పాడయ్యాయి. ఆ మాత్రల్లో పొరపాటున కలిసింది అదే జాతి మొక్క! ఆ కిడ్నీలకూ బాల్కన్ రైతుల కిడ్నీలకూ పోలిక కనబడింది. చివరికి 2007లో బాల్కన్ రోగుల కిడ్నీ కణాల డీఎన్ఏకు ఆ మొక్క విషం అంటుకుని ఉన్నట్టు తేలింది. సంతకం దొరికింది. మన నల్ల ఈశ్వరి కూడా ఆ జాతిదే కాబట్టి, నాటుమందుల పేరుతో దాన్ని లోపలికి తీసుకునేవాళ్లు జాగ్రత్త పడాలి.

ఉద్దానానికి అలాంటి సంతకం ఇంకా దొరకలేదు. అది దొరికేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. కారణాన్ని ఎలా నిర్ధారించాలో 1965లో సూత్రీకరించిన బ్రిటిష్ గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ కూడా, ఆధారాలు అసంపూర్ణంగా ఉన్నాయన్న సాకుతో చేయాల్సిన పని వాయిదా వేయొద్దన్నాడు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నీళ్లను పైపుల ద్వారా ఉద్దానానికి అందించే పథకం ప్రారంభమైంది. ఇది సాయమే కాదు, పరీక్ష కూడా. అనుమానించినదాన్ని తీసేస్తే రోగం తగ్గుతుందా అన్నది కారణానికి గట్టి గీటురాయి. అయితే జవాబు ఇప్పటికే డయాలసిస్ మంచం ఎక్కినవాళ్ల దగ్గర దొరకదు, పోయిన కిడ్నీ తిరిగి రాదు కనుక. కొత్త నీళ్లు తాగి పెరిగే పిల్లలు ముప్పై, నలభై ఏళ్లకు చేరినప్పుడే తెలుస్తుంది. అప్పుడు పోల్చాలంటే ఏ ఊరికి ఏ నెలలో పైపు నీళ్లు వచ్చాయో, ఏ ఇల్లు ఇంకా బోరు నీళ్లే తాగుతోందో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.