బండి తాళం ఎవరి చేతిలో ఉంది?

"పోపులోకి కరివేపాకు లేదు, బండేసుకుని ఓసారి వెళ్లి రా నాన్నా!" పదో తరగతి పిల్లాడితో ఈ మాట అనే తల్లులు మనలో తక్కువేం కాదు. విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా కాలు నేలకి ఆనిందంటే చాలు, వాడు బండి నేర్చేసుకుంటాడు. "మావాడు భలే నడుపుతాడండీ" అని పేరంటంలో మురిసిపోయేదీ మనమే.

చట్టం మురిసిపోదు. గేర్ల బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకి లైసెన్సు ఇచ్చేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండికే. మన ఇళ్లల్లో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకి మించినవే. కాబట్టి "గేర్లు లేవు కదా" అంటే చెల్లదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 199ఎ సెక్షను చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులూ, బండి యజమానీ దోషులవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు! పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. "నాకు తెలీకుండా తీశాడండీ" అంటే సరిపోదు, రుజువు చేసుకోవాలి.

ఇంత కఠినం ఎందుకు, బడిలో నాలుగు మంచి మాటలు చెబితే చాలదా అంటారు కొందరు. చెప్పడం లేదా? ఏటా జనవరిలో ర్యాలీలు, వ్యాసరచన పోటీలు జరుగుతూనే ఉన్నాయి. హెల్మెట్ గురించి వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్నవాడే సాయంత్రం వెనకాల ఇద్దర్ని ఎక్కించుకుని ఉత్త తలతో తిరుగుతాడు.

మనకి బాగా తెలిసిన శారీ గార్డునే చూడండి. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. మనకెవరూ పాఠం చెప్పలేదు, బండితోపాటే వచ్చింది. ఎన్ని చీర కొంగుల్ని, ఎన్ని చున్నీల్ని అది కాపాడిందో! ఇప్పుడు కుర్రాళ్లు స్టైలు కోసం దాన్ని ఊడదీయించేస్తున్నారు. మీ బండికి ఉందో లేదో ఓసారి చూడండి.

అయితే శారీ గార్డులా అన్నీ కంపెనీలోనే బిగించి రావు కదా. మన 16వ నంబరు జాతీయ రహదారి (పాత 5వ నంబరు) భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాటి పోతుంది. రాత్రీ పగలూ లారీలే. ఊరి సందులోంచి పిల్లాడు తిన్నగా దాని మీదకి ఎక్కేస్తాడు. ప్రతి మలుపులోనూ పోలీసు ఉండడు. తాళం ఉన్న మేకు దగ్గర మాత్రం మనం ఉంటాం. "నువ్వు బండి తీస్తే నాన్నగారి మీద కేసు పెడతార్రా" అని చెప్పండి. అలుగుతాడు, అన్నం మానేస్తాడు. రెండో పూటకి వస్తాడు లెండి!

లైసెన్సున్న పెద్దపిల్లలకి హెల్మెట్ తప్పదు, వెనక కూర్చున్నవారికి కూడా. దానివల్ల చావు ప్రమాదం సుమారు 42 శాతం, తలకి దెబ్బ తగిలే ప్రమాదం 69 శాతం తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది ఇక పనికిరాదు. తండ్రి మాత్రం దాన్ని అద్దానికి తగిలించుకుని తిరుగుతుంటే కొడుకు పెట్టుకుంటాడా? ముందు ఆయనకి చెప్పాలి!

చిన్నవాళ్లకి సైకిలు ఉండనే ఉంది, లైసెన్సు గొడవ లేదు. బ్రేకులు పట్టేలా చేయించి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు వేయించి ఇవ్వండి.