రౌతు మెత్తనైతేనే గుర్రం గట్టెక్కేది

దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకు గుర్రం అనగానే రెండే గుర్తొస్తాయి. ఒకటి, మెట్రోలో మూడు స్టేషన్ల అవతలున్న మలక్‌పేట రేస్‌కోర్సు. రెండోది, పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండ్ మేళం ముందుండగా ట్రాఫిక్ మొత్తాన్నీ ఆపేసి నడిచే బరాత్ గుర్రం. ఈ రెండూ కాని స్వారీ ఇంకొకటుంది. దాన్ని ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారు. కొత్తవాళ్ళకు నలభై కిలోమీటర్లతో మొదలై, ఆరితేరినవాళ్ళకు ఒక్క రోజులో 160 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం పొడవే 158. ఫోన్లో వీడియోలు చూసి ఉత్సాహపడుతున్న కుర్రకారు ముందుగా వదిలించుకోవాల్సిన అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇదీ రేసే, దూరం ఎక్కువంతే.

1886లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మౌలాలి నుంచి మలక్‌పేటకు తెచ్చిన రేసుల్లో గుర్రం గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. రెండు నిమిషాల్లో కథ తేలిపోతుంది. ఎండ్యూరెన్స్‌లో సగటు వేగం పదిహేను, ఇరవై. దారిని విడతలుగా కోస్తారు. ఏ విడతా నలభై కిలోమీటర్లు దాటదు, అంటే ఇంచుమించు ఎల్బీ నగర్ నుంచి చౌటుప్పల్ దాకా. ప్రతి విడత చివరా పశువైద్యుడు కాచుకుని ఉంటాడు. అసలు ఆట అక్కడే. నిలకడగా ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి ముప్ఫై, నలభై సార్లు కొట్టుకుంటుంది. విడత ముగిశాక సాధారణంగా పదిహేను నిమిషాల్లోపు అది 64కి దిగాలి. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెడితే పదహారు దెబ్బలు. పదిహేడు వినిపిస్తే ఇంకా ఆగాలి. గడువు దాటిందా, ఇంటికే.

పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కుతారు. తెల్లబడినచోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. మెడ దగ్గర చర్మం గిల్లి వదులుతారు. డొక్కల దగ్గర చెవి పెట్టి పేగుల చప్పుడు వింటారు. చివరిగా కళ్ళెం పట్టుకుని పరిగెత్తించి నడక చూస్తారు. అందరికంటే ముందు గీత దాటిన గుర్రం కూడా ఈ పరీక్ష తప్పితే ఓడినట్టే. 1955లో కాలిఫోర్నియాలో వెండెల్ రాబీ మొదలుపెట్టిన టెవిస్ కప్‌లో నూరు మైళ్ళను ఇరవై నాలుగు గంటల్లోపు క్షేమంగా ముగించిన ప్రతి ఒక్కరికీ వెండి బకిల్ ఇస్తారు.

అపోహ: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది, కొరడా ఉండాల్సిందే.

సామెత వినడానికి బాగానే ఉంటుంది. కానీ అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఈఐ నిబంధనల ప్రకారం ఎండ్యూరెన్స్‌లో కొరడా, స్పర్లు నిషేధం. నిజంగా మూడు కాళ్ళ మీద నడిచే గుర్రాన్నయితే వైద్యుడు అక్కడికక్కడే ఆపేస్తాడు. నిబంధనలున్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు. గుర్రాలను హింసించి పరిగెత్తిస్తున్నారన్న ఆరోపణలు ముదిరి, 2015లో యూఏఈ సమాఖ్యనే ఎఫ్ఈఐ సస్పెండ్ చేసింది. గెలుపు పిచ్చి పట్టినచోట ఈ ఆటంత క్రూరమైంది మరొకటి ఉండదు.

అపోహ: ఉలవలు దండిగా పెడితే చాలు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు మన పెద్దలు. కానీ రోజంతా నడిచే గుర్రానికి దాణాకంటే ముందు మంచి గడ్డి కావాలి. పెద్దపేగులో గడ్డి నిదానంగా పులుస్తూ గంటల తరబడి శక్తినిస్తుంది. పైగా ఆ పేగు నీటినీ లవణాలనూ పట్టి ఉంచే తొట్టిలా పనిచేస్తుంది. గుర్రం చెమట దాని రక్తంకంటే ఉప్పన. వేడిలో కష్టపడితే గంటకు పది లీటర్ల పైనే కారిపోతుంది. నీళ్ళతోపాటు ఉప్పూ పోవడంతో ఒంట్లో నీరు తగ్గినా దానికి దాహం తెలియకపోవచ్చు. కాబట్టి తాగినా తాగకపోయినా ప్రతిచోటా నీళ్ళు చూపించాలి.

అపోహ: చెమట పట్టిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయి.

లాయాల్లో ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు, అక్కడి ఉక్కపోతకు భయపడి శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. చల్లటి నీళ్ళు ధారాళంగా పోస్తే గుర్రాలు త్వరగా చల్లబడ్డాయే తప్ప కండరాలు పట్టేయలేదు. మన ఏప్రిల్ ఎండలు తెలిసినవాళ్ళు ఈ ఒక్కటైనా గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: బరాత్‌లో ఎక్కాను కాబట్టి స్వారీ వచ్చినట్టే.

అక్కడ కళ్ళెం పట్టుకున్నది సైసు. పెళ్ళికొడుకు పట్టుకున్నది తలపాగా. దూరపు స్వారీలో ఎక్కువసేపు గుర్రం ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో వెళ్తుంది. ఆ లయకు తగ్గట్టు రికాబుల మీద లేస్తూ కూర్చుంటూ ఉండాలి. బస్తాలా కూలబడితే వీపు పుండయ్యేది గుర్రానికి. కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతిదానికీ క్రాష్ కోర్సు దొరుకుతుందేమో గానీ దీనికి లేదు. గుర్రానికి కండ, ఊపిరి నెలల్లో బలపడతాయి. స్నాయువులకూ ఎముకలకూ ఏడాదో, అంతకు మించో కావాలి.

అపోహ: ఇది అరబ్బులదీ తెల్లవాళ్ళదీ, మనకెక్కడ?

కేరళ అమ్మాయి నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్స్‌లో యువ రౌతుల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 120 కిలోమీటర్లు పూర్తిచేసింది. మరుసటేడు సీనియర్లతో కలిసి 160 కూడా. ఢిల్లీ తీన్ మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాకు వెళ్ళిన మన హైదరాబాద్ లాన్సర్స్ గుర్రపు దళానిది.

ఇక డబ్బు సంగతి. ఖర్చు ఉంది, దాచిపెట్టడం దేనికి? కానీ మొదట్లో సొంత గుర్రం అక్కర్లేదు, స్కూలు గుర్రం చాలు. అసలు చిక్కు దూరం. ఎల్బీ నగర్ వాళ్ళు అజీజ్‌నగర్ వైపున్న క్లబ్బులకు వెళ్ళాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. బరువు గురించి జంకేవాళ్ళకు ఓ లెక్క: మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకుంటే మేలు. 420 కిలోల గుర్రానికి 84. వెళ్ళిన రోజు ఫీజు అడిగేముందు లాయంలోకి వెళ్ళి గుర్రాల వీపులు చూడండి. జీను కింద తెల్లవెంట్రుకల మచ్చలుంటే పాత ఒరిపిడి పుండ్లని అర్థం. పచ్చి పుండ్లే కనిపిస్తే ఇంకో స్కూలు వెతుక్కోండి.