సొరుగును మోసే ఉక్కు గుండ్లు

పాత టేకు బల్లకు సొరుగు లాగితే కర్ర మీద కర్ర రాసుకునేది. వానాకాలంలో చెక్క ఉబ్బి సగంలోనే బిగిసిపోయేది. వడ్రంగులు అంచులకు మైనమో సబ్బుముక్కో రుద్ది సరిపెట్టేవారు. ఇప్పుడు గిన్నెలతో నిండిన సొరుగు కూడా చిటికెన వేలితో లాగితే వచ్చేస్తోంది. రెండు పక్కలా బిగించిన డ్రాయర్ ఛానళ్లలో దొర్లే చిన్న ఉక్కు గుండ్లు చేసే పని ఇది.

ఈ గుండ్లు ముందు బండ్లకు పనికొచ్చాయి. 1794లో వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులో గుండ్లు అమర్చే పద్ధతికి పేటెంట్ పొందాడు. 1869లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో జేమ్స్ మూర్ గెలిచిన సైకిల్‌కు జూల్ సురిరే రూపొందించిన బాల్ బేరింగులున్నాయి. అయితే గుండ్లలో ఒకటి కాస్త పెద్దదైనా బరువంతా దాని మీదే పడుతుంది, త్వరగా అరిగిపోతుంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గుండ్లన్నిటినీ ఒకే కొలతకు అరగదీసే యంత్రం తయారుచేశాడు. నా లెక్కలో ఈ కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. కచ్చితమైన గుండు చవకగా దొరకబట్టే అది మన వంటింటి దాకా రాగలిగింది.

టెలిస్కోపిక్ ఛానల్‌లో మూడు ఉక్కు పట్టీలుంటాయి. ఒకటి అల్మారాకు, ఒకటి సొరుగుకు బిగిస్తారు. మధ్యది కూడా ముందుకు జరుగుతుంది కాబట్టి సొరుగు పూర్తిగా బయటికొస్తుంది. రెండే పట్టీలున్న రకంలో వెనక భాగం లోపలే ఉండిపోతుంది. వంటింటికి మూడు పట్టీలదే తీసుకోవాలి. కాగితాలకు, తేలికపాటి బట్టలకు నైలాన్ చక్రాల ఛానల్ చాలు.

కొనేటప్పుడు డబ్బా మీద 45 కిలోలని ఉంటే అది సాధారణంగా జతకు చెప్పిన లెక్క. సొరుగు పెట్టె బరువూ అందులోదే. నిలువుగా బిగించాల్సిన ఛానల్‌ను పడుకోబెట్టి బిగిస్తే మోసే శక్తి బాగా పడిపోతుంది. సొరుగు మెల్లగా మూసుకోవాలంటే సాఫ్ట్ క్లోజ్ రకం ఉంది. అందులోని చిన్న సిలిండర్‌లో చిక్కటి నూనె సన్నటి దారిగుండా జరుగుతూ వేగాన్ని అణుస్తుంది. గట్టిగా తోసేకొద్దీ అది అంతగా ఎదురు నిలుస్తుంది. సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు ఛానల్ తుప్పు పడుతుంది, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. రంపపు పొట్టు ఎగిరే వర్క్‌షాప్‌లో గ్రీజు ఎక్కువ పూస్తే పొట్టు అతుక్కుని గుండ్లు ఆగిపోతాయి. అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడవడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువ పనులు చెడేది ఖాళీ దగ్గర. పక్కన బిగించే బాల్ బేరింగ్ ఛానళ్లకు ఎక్కువగా ఒక్కో వైపు 12.7 మిల్లీమీటర్లు కావాలి. అల్మారా లోపలి వెడల్పు 450 మిల్లీమీటర్లయితే సొరుగు పెట్టె 424 దగ్గర ఉండాలి. బిగుతైతే గుండ్లు నలుగుతాయి, వదులైతే సొరుగు ఊగిసలాడుతుంది. అందుకే ఛానల్ కొని చేతిలో పెట్టుకుని కొలిచాకే ప్లైవుడ్ కోయించండి.