లైనక్స్ లో మంబుల్ వాయిస్ చాట్: మీ మాట అవతలికి వినబడాలంటే

ఉబుంటు కంప్యూటర్ లో మంబుల్ ఎలా సెట్ చేసుకోవాలో ఈ రోజు చూద్దాం. గేమ్ ఆడుతూనో, కలిసి చదువుకుంటూనో గ్రూపుగా మాట్లాడుకోవడానికి వాడే వాయిస్ చాట్ సాఫ్ట్‌వేర్ ఇది. 2005 నుంచి ఉంది. ఫ్రీ, ఓపెన్ సోర్స్. మాట అవతలికి చాలా త్వరగా చేరుతుంది, గేమ్ ఆడేవాళ్లకి కావాల్సింది అదే కదా.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదండి. టెర్మినల్ ఓపెన్ చేసి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మంబుల్' అని ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టి, మీ పాస్‌వర్డ్ ఇవ్వండి. అంతే.

మొదటిసారి ఓపెన్ చేయగానే ఆడియో విజార్డ్ వస్తుంది. చాలామంది ఇక్కడ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతారు. తర్వాత మైక్ పని చేయట్లేదని లైనక్స్ ని తిడతారు. కాస్త ఆగి, ఇన్‌పుట్ డివైస్ దగ్గర మీరు వాడే మైక్ ఉందో లేదో చూడండి. మాట్లాడితే బార్ కదలాలి. కదలకపోతే ఉబుంటు సెట్టింగ్స్ లో సౌండ్ కి వెళ్లి, ఇన్‌పుట్ మ్యూట్ లో ఉందేమో చెక్ చేయండి. ఇంట్లో ఫ్యాన్ శబ్దం, టీవీ శబ్దం ఉంటే 'పుష్ టు టాక్' పెట్టుకోండి. బటన్ నొక్కినప్పుడే మీ మాట వెళ్తుంది.

ఇప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి. పాటలు బ్రహ్మాండంగా వినిపించిన బడ్స్ లో మంబుల్ కనెక్ట్ అవ్వగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్ ఫోన్ లా అయిపోతుంది. బడ్స్ పాడవలేదు. పాటలకి వాడే ఏ2డీపీ మోడ్ లో సౌండ్ బాగుంటుంది గానీ మైక్ పని చేయదు. మైక్ కావాలంటే హెడ్‌సెట్ మోడ్ కి మారాలి, అందులో సౌండ్ క్వాలిటీ తగ్గిపోతుంది. అందుకని వినడానికి బడ్స్, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ మైక్ ఎంచుకోండి. అయినా మోడ్ మారిపోతే సౌండ్ సెట్టింగ్స్ లో కాన్ఫిగరేషన్ దగ్గర మళ్లీ ఏ2డీపీ పెట్టండి. నన్నడిగితే, మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ ఉంటే ఈ గొడవే ఉండదు.

ఇక కనెక్ట్ అవ్వడానికి సర్వర్ అడ్రస్, యూజర్ నేమ్ ఇవ్వాలి. పోర్ట్ మామూలుగా 64738 ఉంటుంది. మీలో ఒకరు ఇంట్లో సర్వర్ నడుపుతుంటే రౌటర్ లో ఈ పోర్ట్ కి టీసీపీ, యూడీపీ రెండూ తెరవాలి. టీసీపీ ఒక్కటే తెరిచినా కనెక్ట్ అవుతుంది కానీ మాట ఆగి ఆగి వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ లో ఉన్న ఫ్రెండ్స్ 'మమ్లా' యాప్ తో అదే సర్వర్ లోకి రావచ్చు.

చివరిగా ఒకటి చేయండి. సర్వర్ లో మీ పేరు రిజిస్టర్ చేసుకుంటే, మంబుల్ మిమ్మల్ని గుర్తుపట్టేది పాస్‌వర్డ్ తో కాదు, మీ కంప్యూటర్ లో ఉండే సర్టిఫికెట్ తో. కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే అది పోతుంది, మీ పేరుతో మిమ్మల్నే లోపలికి రానివ్వదు. కాబట్టి ఇప్పుడే సర్టిఫికెట్ విజార్డ్ ఓపెన్ చేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఆ ఫైల్ ని పెన్‌డ్రైవ్ లో దాచుకోండి.