గుర్రపు స్వారీ సాధనతోనే ఎందుకు పట్టుబడుతుంది?

ఒంటి మీద ఈగ వాలినా గుర్రానికి తెలుస్తుంది. మరి వీపు మీది మనిషి అటూ ఇటూ ఒరిగితే తెలియదా? రౌతు బరువు మార్చినా, కాలు నొక్కినా అది సైగే అనుకుంటుంది. కొత్తవారు పడిపోతామనే భయంతో బిగుసుకుపోయి, పగ్గాలు లాగేస్తారు. గుర్రం తికమకపడుతుంది.

సాధనతో ఇది ఎలా మారుతుంది? గుర్రం నడిచేటప్పుడు నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. ట్రాట్ అనే పరుగులో మాత్రం ఐమూలగా ఉన్న రెండేసి కాళ్లు ఒకేసారి పడతాయి. అందుకే కుదుపు ఎక్కువ. పదేపదే స్వారీ చేస్తుంటే చిన్నమెదడు ఆ లయను పట్టేస్తుంది. అప్పుడు నడుము గుర్రంతోపాటే కదులుతుంది, చేతులు నిలకడగా ఉంటాయి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవారికి పగ్గాలు, రికాబులు లేకుండా కూర్చోవడమే మొదటి పాఠం. శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటాడు.

డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి, మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా పట్టువదలక సాధన చేసింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. అలాంటి ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రంతో కచ్చితమైన కదలికలు చేయించే డ్రెస్సేజ్ పోటీలో రజత పతకం గెలిచింది. 1956లో మరో రజతం సాధించింది!