సంగీతం వినే గది

కొత్తగా కట్టిన ఇంట్లోకి సామాను చేరకముందు అడుగుపెడితే మాట గుయ్యిమంటుంది. చప్పట్లు చరిస్తే ఆ చప్పుడు ఎదురెదురు గోడల మధ్య టరటరలాడి గాని అణగదు. అదే గదిలోకి మంచం, పరుపు, బట్టలు, పుస్తకాలు, మనుషులు చేరిన తర్వాత ఆ గోల చాలవరకు తగ్గిపోతుంది. మంచి స్పీకర్లు కొని ఇంట్లో హై-ఫై సంగీతం వినదలచినవారు మొదట గమనించవలసినది ఈ మార్పునే. స్పీకరు నుండి తిన్నగా చెవికి చేరే ధ్వని కొంతే. తక్కినది నేలకు, కప్పుకు, గోడలకు తగిలి తిరిగి వచ్చేది. ఆ తిరిగి వచ్చే భాగం చెడ్డదైతే స్పీకరు ఎంత ఖరీదైనదైనా లాభం తక్కువ.

ఈ విషయాన్ని మొదట లెక్కలోకి తెచ్చినవాడు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు వాలెస్ సెబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ కళాప్రదర్శనశాలలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాల పనికిరాకుండా పోయింది. అందులో పలికిన మాట ఐదున్నర సెకండ్ల వరకు వినబడుతూనే ఉండేది. ఒక మాట ముగియకముందే దాని వెనుక మాటలన్నీ మీద పడేవి. దీన్ని బాగుచేసే పనిని ఇరవైయేడేళ్ల సెబైన్‌కు అప్పగించారు. ఆయన రాత్రివేళ, ఊరు సద్దుమణిగిన తర్వాత, ఆర్గన్ గొట్టాన్ని మ్రోగించి, ఆపి, ఆ నాదం చెవికి అందకుండా పోయేందుకు ఎంతసేపు పడుతుందో కొలిచేవాడు. సాండర్స్ నాటకశాల నుండి కుర్చీల మెత్తలు తెప్పించి కొన్నికొన్నిగా పరచి మళ్లీ మళ్లీ కొలిచాడు. మెత్తలన్నీ చేరేసరికి ఐదున్నర సెకండ్లు ఒక సెకండుకు కొంచెం పైగా దిగింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్క ప్రకారం కట్టినదే. సంగీతశాలలలో అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా అది నేటికీ పేరు నిలుపుకొంటున్నది.

మూలధ్వని ఆగిన తర్వాత గదిలో నిలిచి ఉండే ధ్వనిని ప్రతినాదం అంటారు. దాని తీవ్రత పదిలక్షలవ వంతుకు తగ్గడానికి పట్టే కాలం ప్రతినాద కాలం. సెబైన్ సూత్రం చాల సులువు. గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకొని, 0.16 చేత గుణించి, గదిలోని మొత్తం శోషణంతో భాగిస్తే సెకండ్లలో ప్రతినాద కాలం వస్తుంది. శోషణానికి ఆయన ఎన్నుకున్న కొలత మరీ ముచ్చటైనది: తెరచిన కిటికీ. కిటికీలోంచి పోయిన ధ్వని తిరిగి రాదు గదా! కనుక ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ అంటే ఒక యూనిట్ శోషణం. తక్కిన వస్తువులన్నీ దీనిలో ఎన్నో వంతు పనిచేస్తాయో చెప్పేదే శోషణ గుణకం.

5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని తీసుకుందాం. ఘనపరిమాణం 60, దీనిని 0.16 చేత గుణిస్తే 9.6. గోడలు, నేల, కప్పు కలిపి 94 చదరపు మీటర్లు. సిమెంటు పూత, నున్నని రాతినేల ధ్వనిలో నూటికి సుమారు మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే మొత్తం శోషణం 2.8. ప్రతినాద కాలం దాదాపు మూడున్నర సెకండ్లు! ఇంట్లో సంగీతానికి అరసెకండు లోపు ఉంటే మేలు. ఇప్పుడు 6 చదరపు మీటర్ల తివాచీ పరచండి (గుణకం 0.4), దాని వంతు 2.4. 7.5 చదరపు మీటర్ల మందపాటి తెరను ముడతలు పడేటట్లు వేలాడదీయండి (గుణకం 0.6); దాని వంతు 4.5. 1.8 చదరపు మీటర్ల కిటికీ తెరవండి. ముగ్గురు మనుషులు కూర్చుంటే మరొక 1.3. మొత్తం శోషణం 12.8కి, ప్రతినాద కాలం 0.75 సెకండుకు వచ్చాయి. మెత్తని సోఫా, నిండుగా పుస్తకాలున్న బీరువా చేరిస్తే అరసెకండు దగ్గరకు చేరవచ్చు. కిటికీ తెరవడంవల్ల వీధిలోని హారన్ల మోత లోపలికి వస్తుందన్నది వేరే సంగతి.

ఇంతటితో పని అయిపోయిందని చాలమంది భావిస్తారు. ఇక్కడే చిక్కున్నది. పై గుణకాలు మధ్యమ, తారస్వరాలకు, అనగా సెకండుకు 1000 కంపనాల (నేటి వాడుకలో 1000 హెర్ట్జ్) ప్రాంతానికి చెందినవి. 125 కంపనాల మంద్రస్వరం వద్ద తివాచీ, తెరల గుణకం 0.1కి పడిపోతుంది, మనుషులు పీల్చేది కూడ సగానికి తగ్గుతుంది. మళ్లీ లెక్క వేస్తే మొత్తం శోషణం 6.6 మాత్రమే, ప్రతినాద కాలం దాదాపు ఒకటిన్నర సెకండ్లు. మంద్రధ్వని తక్కిన ధ్వనికి రెట్టింపు కాలం గదిలో తిరుగుతున్నదన్నమాట. ఇంకా తివాచీలు, పలుచని స్పంజి పలకలు గోడలనిండా అంటించిన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. తంబురా జీవం చచ్చిపోతుంది, గాయకుని మాటలో హల్లులు మొద్దుబారుతాయి, మృదంగం ఎడమవైపు నాదం మాత్రం గుమ్మని నిలిచిపోతుంది. డబ్బు ఖర్చుపెట్టి గదిని చెడగొట్టుకోవడమంటే ఇదే. కోడిగ్రుడ్ల అట్టలు అంటించడం మరీ వ్యర్థం.

బట్ట మంద్రధ్వనిని ఎందుకు పీల్చలేదు? బట్ట, దూది, ఉన్ని వంటివి తమ సందులలో కదిలే గాలిని రాపిడిచేత వేడిగా మార్చి ధ్వనిని హరిస్తాయి. కాని గోడను ఆనుకొని ఉన్న గాలి అటూ ఇటూ కదలలేదు. అక్కడ పీడనం మాత్రమే హెచ్చుతగ్గులవుతుంది. అనునాద గొట్టపు ప్రయోగం చేసిన విద్యార్థులకు ఇది తెలిసినదే: మూసిన కొస వద్ద అస్పందన బిందువు, అక్కడి నుండి తరంగదైర్ఘ్యంలో నాల్గవ వంతు దూరాన ప్రస్పందన బిందువు. మన ఎండలలో ధ్వనివేగం సెకండుకు సుమారు 350 మీటర్లు. 1000 కంపనాల స్వరానికి తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు. అందులో నాల్గవ వంతు 9 సెంటీమీటర్లకు లోపు. కనుకనే తెరను గోడకు అంటించక ఒక బెత్తెడు ఎడంగా వేలాడదీస్తే అదే బట్ట ఎక్కువ పనిచేస్తుంది. 50 కంపనాల స్వరానికి ఆ దూరం 1.75 మీటర్లు! అంత ఎడంగా తెర కడితే మనిషి కూర్చోవడానికి చోటుండదు.

పైగా, ఇంత చిన్న గదిలో సుమారు 200 కంపనాలకు దిగువన సెబైన్ సూత్రం స్థూలమైన సూచన మాత్రమే. అక్కడ గదే పెద్ద గొట్టంవలె అనునాదం చెందుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం అర తరంగదైర్ఘ్యానికి సమానమైన స్వరం స్థిరతరంగంగా నిలుస్తుంది. మన గదిలో పొడవువెంట 35, వెడల్పువెంట 44, ఎత్తువెంట 58 కంపనాలు, వాటి గుణిజాలు ఇలాంటివి. పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైన గదిలో ఇవన్నీ ఒకేచోట పోగుపడతాయి గనుక అటువంటి గదిని వదులుకోవడమే మంచిది. ఫోనులోని ఆప్ ద్వారా ఈ స్వరాలను స్పీకరులో మెల్లగా మ్రోగిస్తూ గదిలో నడిచి చూడవచ్చు: మూలలో హోరెత్తిన స్వరం గది నడుమకు రాగానే దాదాపు మాయమవుతుంది. స్పీకరు ఆ స్వరాన్ని పలికించగలిగినదై ఉండాలి, అంతే.

కాబట్టి మంద్రధ్వనికి మొదటి వైద్యం స్థానం మార్చడం. దీనికి పైసా ఖర్చు లేదు. స్పీకర్లను మూలల నుండి ముందుకు జరపాలి. శ్రోత సరిగా గది మధ్యన గాని, వెనుక గోడకు ఆనుకొని గాని కూర్చోరాదు. ఆ తర్వాతనే వస్తువుల సంగతి. మూలలలో పీడనపు ఊపు అధికం. అక్కడ నేల నుండి కప్పు వరకు అడ్డంగా బాగా మందమైన దూది లేక ఖనిజపు ఉన్ని దిండ్లు నిలబెడితే కొంత పనిచేస్తాయి. వెనుక ఖాళీ ఉన్న పలుచని ప్లైవుడ్ పలక తాను కంపిస్తూ మంద్రధ్వని శక్తిని హరిస్తుంది. చెక్క బీరువాల తలుపులు తెలియకుండానే ఈ సేవ చేస్తుంటాయి. సన్నమూతి కుండలు కూడ తమ స్వరాన్ని తాము పీల్చగలవు. ఐరోపాలో కొన్ని పాత చర్చీల గోడలలో కుండలు పొదిగారు. కాని ఒక కుండ ఒక స్వరం చుట్టుపట్ల మాత్రమే పలుకుతుంది. నాలుగు కుండలతో గది బాగుపడదు.

తారస్వరాల విషయంలో గోడంతా కప్పనక్కరలేదు. శ్రోత తన చోట కూర్చొని ఉండగా మరొకరు పక్కగోడ వెంట అద్దాన్ని జరపాలి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడి నుండే మొదటి పరావర్తనం చెవికి వస్తున్నది. పతనకోణం, పరావర్తనకోణం సమానమన్న పాఠం ఇక్కడ ఇంటిపనికి వచ్చింది. ఆ చోట్ల తెర గాని, ఎగుడుదిగుడుగా పుస్తకాలు పేర్చిన అర గాని ఉంచితే చాలు. ఈ పరావర్తనం కొన్ని మిల్లీసెకండ్ల తేడాతో వస్తుంది గనుక చెవి దానిని వేరే ప్రతిధ్వనిగా గుర్తించదు. కాని అది అసలు ధ్వనితో కలిసి కొన్ని స్వరాలను పెంచి కొన్నింటిని తుంచి, వీణ ఏ పక్క నుండి వినవస్తున్నదో తెలియకుండా చేస్తుంది.

తెరలు, దిండ్లు గదిలోని ప్రతినాదాన్ని తగ్గిస్తాయే గాని పొరుగింటికి పోయే ధ్వనిని అడ్డుకోలేవు. దానికి కావలసినవి బరువైన గోడ, సందులేని తలుపు.

పాఠశాలలో ఈ లెక్కను తరగతి గది మీదనే పరీక్షించవచ్చు. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు గల సిమెంటు గది ఘనపరిమాణం 168. కిటికీలు మూసి, ఖాళీగా ఉన్నప్పుడు దాని శోషణం దాదాపు 6. ప్రతినాద కాలం నాలుగున్నర సెకండ్లు. నలభైమంది పిల్లలు వచ్చి కూర్చుంటే, తలకు 0.4 చొప్పున, శోషణం 22 అవుతుంది, ప్రతినాదం 1.2 సెకండ్లకు దిగుతుంది. కిటికీలు కూడ తెరచి ఎంత తగ్గుతుందో విద్యార్థులచేత లెక్క వేయించి, సెలవు రోజున ఒకసారి, తరగతి నడిచే రోజున ఒకసారి గాలిబుడగ పగులగొట్టి చెవితో పోల్చి చూడవచ్చు.